దూరపు వర్తకుడు – మన యూరి న్యాయస్థానము

ఇంటికి వలయు సరకు నెఱిగిన యంగడిలోనే కొనెడి దినములు గతించినవి. నేడు చేతిలోని ఫోనుమీదనే బేరము కుదుర్చుకొని, మొగమైన నెఱుగని వర్తకునకు పైకము పంపుచున్నాము. అతడు మాట తప్పిన నే యూరి న్యాయస్థానమున మొఱపెట్టుకొనవలెను? అతని యూరికి మనము పోవలెనా, మన యూరి కతడు రావలెనా? ఈ ప్రశ్నకు అమెరికాలోని యొక తల్లి వ్యాజ్యము చక్కని జవాబు. దానిని సోదరీమణులకు విన్నవించుచున్నాము.

కాలిఫోర్నియా రాష్ట్రవాసి యొకడు 1944లో అరిజోనా రాష్ట్రపు సంస్థయొద్ద జీవిత బీమా చేసెను. అతని యనంతరము సొమ్ము తల్లికి చేరవలెను. 1948లో టెక్సాసు రాష్ట్రపు సంస్థ యొకటి ఆ బాధ్యతను స్వీకరించి, అతనికి తపాలాలో పత్రము పంపెను. అతడును ఇంటినుండియే తపాలాలో ప్రీమియము కట్టుచు వచ్చి 1950లో మరణించెను. తల్లి సొమ్మడుగగా, అది ఆత్మహత్య యని చెప్పి సంస్థ నిరాకరించెను.

ఆమె తన రాష్ట్రముననే దావా వేసి గెలిచెను. అచట సొమ్ము రాబట్టుకొన వీలుగాక తీర్పును టెక్సాసునకు గొనిపోయెను. సంస్థకు సమను కాలిఫోర్నియా వెలుపల అందినది గావున ఆ తీర్పు చెల్లదని యచటి న్యాయస్థానములు త్రోసిపుచ్చినవి. సంస్థకు కాలిఫోర్నియాలో కచేరియు లేదు, ఏజెంటును లేడు.

1957లో అమెరికా సుప్రీంకోర్టు ఆ తల్లి పక్షమున తీర్పు చెప్పెను. వ్రాసినవారు జస్టిస్ హ్యూగో బ్లాక్. పత్రము చేరినది కాలిఫోర్నియాకు. ప్రీమియము వెళ్లినది కాలిఫోర్నియానుండి. మరణించునాటికి అతని నివాసము నచటనే. ఈ సంబంధము చాలునని వారి నిర్ణయము. స్వల్పమగు సొమ్మునకై దూరపు రాష్ట్రమునకు పోవలసిన, సామాన్యులు ఖర్చు భరింపలేరనియు, అపుడు సంస్థను బాధ్యునిగా నిలుపువారే యుండరనియు వారు చూపిరి.

అట్లని వర్తకునకు రక్షణ లేకపోలేదు. న్యూయార్కు రాష్ట్రమున కారు కొన్న కుటుంబ మొకటి అరిజోనాకు పోవుచు, దారిలో ఓక్లహోమాయందు ప్రమాదమునకు లోనయ్యెను. కారమ్మిన వర్తకుని ఓక్లహోమా న్యాయస్థానమున నిలువరాదని 1980లో సుప్రీంకోర్టే చెప్పెను. కారచటికి చేరినది కొన్నవారి ప్రయాణమువలననే గాని, వర్తకు డచట వ్యాపారము చేసినందున గాదు. తానుగా ఆ రాష్ట్రమువైపు చేయి చాచెనా లేదా యనునదే పరీక్ష.

మన దేశమున 1986 నాటి వినియోగదారుల చట్టము ప్రకారము ప్రతివాది యున్నచోటనో, వివాదము పుట్టినచోటనో ఫిర్యాదు చేయవలసియుండెను. 2019 చట్టము స్త్రీల కెంతయు మేలు చేసినది. ఫిర్యాదు చేయువారు తాము నివసించుచోటనే జిల్లా కమీషను నాశ్రయింపవచ్చును.

కావున రసీదులను, ఉత్తరములను, పైకము కట్టిన గుర్తులను భద్రపఱచుకొనుడని మా మనవి. ఆ తల్లి వ్యాజ్యమున సంబంధమును నిలిపినవి తపాలాలో నడచిన కాగితములే గదా!