క్రొత్త దేశములో తొలి భోజనము

పరదేశమునకు బోవువాడు పచ్చడి జాడీ నొకదానిని వెంట గొనిపోవుట మనలో వాడుక. నేనును అట్లే గొనిపోయితిని. కాని జాడీ యెంత పెద్దదైనను నెల రెండు నెలలకు మించి రాదు. ఆ పిమ్మట ఆ దేశపు నేల యిచ్చునదే తినవలెను. ఆ తిండిని నే నెట్లు నేర్చుకొంటినో నేడు మనవి చేసెదను.

నేను పోయినది ఫిజీ దేశము. అది పసిఫిక్ మహాసముద్రమున మూడు వందలకు పైగా దీవులు గల దేశము. దాని రాజధాని సువా. మన విశాఖపట్టణము భూమధ్యరేఖకు ఉత్తరముగా ఎంత దూరమున నున్నదో, సువా దక్షిణముగా దాదాపు అంత దూరమున నున్నది. కావున అచ్చటి యుక్కయు, వానయు, కొబ్బరిచెట్లును మనకు క్రొత్త గావు. ఋతువులు మాత్రము తాఱుమాఱు. మనకు చలిగా నుండు జనవరి నెల వారికి వేసవి.

మొదటి శనివారమున సంతకు బోయితిని. దుంపలను గుట్టలుగా పేర్చి, గుట్ట కింతయని అమ్ముచుండిరి. వారు ‘దాలో’ యనునది మన చేమదుంపయే. కాని మన దానికంటె మిక్కిలి పెద్దది. ‘తవియోకా’ యనునది తూర్పు గోదావరి ప్రాంతమున సగ్గుబియ్యమునకై పండించు కర్రపెండలము. ‘ఉటో’ యనునది సీమపనస. దానిని కాల్చియో యుడికించియో అన్నమునకు మాఱుగా తిందురు. చేమాకు కట్టలను జూడగానే నాకు ప్రాణము లేచివచ్చినది. తెలిసిన కూరయే గదా యని కొని, పొయ్యిమీద నాలుగు పొంగులు రానిచ్చి, ఆకలి కాగలేక తింటిని. రెండు ముద్దలు దిగునప్పటికి నాలుకయు గొంతును సూదులతో గ్రుచ్చినట్లయ్యెను.

మా పొరుగున నొక వృద్ధురాలు గలదు. ఆమె తాతయు, నాయనమ్మయు తెలుగుదేశము నుండి చెఱకుతోటల కూలికై వచ్చినవారు. 1879 మొదలు 1916 వఱకు సుమారు 60 వేలమంది భారతీయులను అయిదేండ్ల ఒడంబడికపై ఆ దీవులకు గొనిపోయిరి. 1903 నుండి మదరాసు రేవున ఓడ యెక్కినవారిలో తెలుగువారును ఉండిరి. ఆ యవ్వ నా యవస్థ జూచి నవ్వి, “నాయనా, ఆకు మెత్తబడు వఱకు ఉడకనిచ్చితివా? చింతపండైన వేసితివా?” యని యడిగెను. నేను తల వంచుకొంటిని.

అటుపై ఆమెయే నాకు వంట నేర్పెను. చేమయందు సూదులవంటి సన్నని స్ఫటికములు గలవు. వానిని శాస్త్రజ్ఞులు కాల్షియం ఆక్సలేటు అందురు. దురద వానివలననే కలుగును. కాడలు తీసివేసి, నీటిలో చాలసేపు ఉడికించి, ఆ నీరు పాఱబోసి, పిమ్మట కొబ్బరిపాలు పోసి దింపవలెను. ఆ కూరను వారు ‘రౌరౌ’ అందురు.

కర్రపెండలము విషయమున నింకను జాగ్రత్త వలయును. ఆ దుంపను కోసినపుడు గాని నమలినపుడు గాని దానిలోని యొక పదార్థమునుండి సయనైడు అను విషము పుట్టును. కావున దానిని పచ్చిగా నెన్నడును తినరాదు. పైపొట్టును, దాని క్రింది మందపు తొక్కను తీసివేసి, ముక్కలు చేసి, ఎక్కువ నీటిలో బాగుగా నుడికించి, నీరు పాఱబోయవలెను. ఇది తీపిజాతి దుంపల మాట. చేదుజాతి దుంపకు ఈ మాత్రము చాలదు. దానిని తురిమి, నానబెట్టి, పిండి, ఆరబెట్టినగాని తినదగినది కాదు. జాతి తెలియని దుంపను ముట్టకుండుట మేలు.

“ఇదంతయు నీ కెవరు నేర్పి” రని యవ్వ నడిగితిని. తన నాయనమ్మ కూలి గడువు తీరి కౌలుభూమి చేరినపుడు, పొరుగు పల్లెలోని ఆ దీవి స్త్రీ యొకతె పొయ్యిప్రక్క కూర్చుండి నేర్పెనట. దానికి బదులుగా మనవారు పప్పుపులుసు నేర్పిరట. ఆ దీవులవారి పూర్వులు సుమారు 3,000 సంవత్సరముల క్రిందట చేమ మొదలగు దుంపలను పడవలమీద తెచ్చి నాటుకొన్నవారు. వారి యెఱుక యంత పాతది.

ఇక నొక్క మాట. దుంపలలో పిండిపదార్థ మధికము, మాంసకృత్తులు స్వల్పము. కావుననే ఆ దేశస్థులు వానితో చేపను, మనవారు పప్పును చేర్చి తిందురు. నేడు అచ్చట తెల్లపిండియు, డబ్బాలలోని మాంసమును, తీపి పానీయములును విరివిగా దొరకుటచే పలువురు దుంపలను విడిచిరి. మధుమేహము ఆ దేశమును మిక్కిలి పీడించుచున్నది. ఇందుకు తిండి మాఱుట యొక ముఖ్య కారణమని వైద్యులు చెప్పుదురు.

పెద్దలారా! మీ బిడ్డలును, మనుమలును దూరదేశములకు బోవుచున్నారు. పచ్చడి జాడీతోపాటు ఈ మాటయు చెప్పి పంపుడు: అచ్చటి తిండిని ఏవగింపవలదు, తెలిసినదే యని తొందరపడవలదు, వండి తినుచున్నవారి నడిగి, వారు చేసినట్లు చేసి తినవలెను. నేను ఆ మూడవ మాటను గొంతు మండిన తరువాత నేర్చుకొంటిని.