బేత్లెహేము బావి నీళ్లు, తాత పంపిన మనియార్డరు

బేత్లెహేము గవిని దగ్గరున్న బావి నీళ్లు ఎవరైనా తెచ్చిస్తే బాగుండునని దావీదు ఒకసారి ఆశపడ్డాడు. ఆ ఊరు అప్పుడు ఫిలిష్తీయుల చేతిలో ఉంది. ముగ్గురు వీరులు శత్రువుల దండును ఛేదించుకుని వెళ్లి ఆ నీళ్లు చేదుకొచ్చారు. దావీదు మాత్రం వాటిని తాగలేకపోయాడు. ప్రాణాలకు తెగించినవారి రక్తంతో సమానమని ఎంచి, దేవుని సన్నిధిని పారబోశాడు (2 సమూ 23:15-17). నీటిచుక్క కోసం మబ్బుల వైపు చూసే బత్తలపల్లెవాళ్లకు ఈ భాగాన్ని విడమరచి చెప్పనక్కరలేదు.

ఈ కరువు సీమలో ఇళ్లు దర్శించి ప్రార్థన చేసేటప్పుడు 'మా తాత మిలిటరీలో చేసినాడు' అనే మాట మేము వింటుంటాం. ఎక్కడ చేశాడని అడిగితే 'బర్మా అంట' అన్న చోట కథ ఆగిపోతుంది. తాత చెప్పలేదు, తండ్రి అడగలేదు, మనవడికి తెలియదు.

1939 సెప్టెంబరు 3న వైస్రాయి లిన్‌లిత్‌గో మన నాయకులను సంప్రదించకుండానే భారతదేశం యుద్ధంలో ఉన్నట్టు ప్రకటించాడు. అప్పటికి సుమారు 2 లక్షలున్న సైన్యం 1945 నాటికి 25 లక్షలకు పెరిగింది. అంతకుముందు దక్షిణాదివాళ్లు యుద్ధానికి పనికిరారని మద్రాసు పదాతి దళాలను రద్దుచేసిన తెల్లదొరలే, అవసరం ముంచుకొచ్చాక వాటిని మళ్లీ నెలకొల్పారు. చేరినవాళ్లంతా స్వచ్ఛందంగా చేరారని చరిత్ర చెబుతుంది. నిజమే. కానీ పంట ఎండిన ఇంటికి నెల జీతం, కడుపునిండా తిండి, ఒంటికి బట్టలు ఇస్తామంటే కాదనగలిగినవారు ఎందరు? రాజు కోసం కాదు, ఇంట్లో పొయ్యి వెలగడం కోసం వెళ్లినవాళ్లే ఎక్కువ.

వెళ్లిన వాళ్లందరూ తుపాకీ పట్టలేదు. రోడ్లు వేశారు, వంతెనలు కట్టారు, లారీలు నడిపారు, వంట చేశారు, గాయపడినవారిని మోశారు. 1944లో కొహిమా, ఇంఫాల్ పోరాటాలు వీళ్ల చెమట లేకుండా గెలిచినవి కావు. ఆ యుద్ధంలో మరణించిన భారత సైనికులు 87 వేలకు పైమాటే. వెనుక ఉండి సామాను కాచినవాడికీ, యుద్ధానికి వెళ్లినవాడికీ సమానభాగం రావాలని దావీదు కట్టడ చేశాడు (1 సమూ 30:24-25). ఆ లెక్కన అవ్వకూ భాగముంది. ఉత్తరం కోసం ఎదురుచూస్తూ, పిల్లలను సాకుతూ, చేను చేసుకున్న ఆమె సేవకు ఎవరూ పతకం ఇవ్వలేదు.

ఇలాంటి తాతను తలచుకోవడంలో మనం రెండు విధాల పొరపడతాం. కొందరు 'తెల్లవాడి కొలువు చేశాడు' అని సిగ్గుపడి దాచేస్తారు. కొందరు ఆయనను సినిమా వీరుణ్ణి చేసేస్తారు. పరిశుద్ధ గ్రంథం ఈ రెండూ చేయదు. హిత్తీయుడైన ఊరియాను చూడండి. తోటి సైనికులు బయట గుడారాల్లో ఉండగా తాను ఇంటికి పోనన్నాడు. అలాంటివాణ్ణి దావీదు రాజే కుట్రతో చంపించాడు (2 సమూ 11). అయినా దావీదు వీరుల పట్టికలో చివరి పేరు ఊరియాదే (23:39). మత్తయి యేసుక్రీస్తు వంశావళి రాస్తూ ఆ పేరును మళ్లీ తీశాడు (1:6). రాజు చేసిన నేరాన్ని దాచలేదు, సైనికుని విశ్వాస్యతనూ చెరపలేదు.

మన ఇంటి చరిత్రనూ అలాగే చెప్పాలి. తాత కొలువు చేసిన ప్రభుత్వం న్యాయమైనది కాదు. దాని పాలనలోనే 1943 బెంగాల్ కరువులో సుమారు 30 లక్షలమంది చనిపోయారు. అయినా తాత తన పక్కవాణ్ణి వదిలి పారిపోలేదు, ఇంటిని మరువలేదు. ఈ రెండూ నిజాలే. తిరిగొచ్చాక ఆయనకు నిద్రపట్టని రాత్రులుంటే, ఊరకే వచ్చే కోపముంటే, అదీ చెప్పాలి. యుద్ధం మనిషిని ఏం చేస్తుందో పిల్లలకు తెలియాలి.

పశ్చిమ గోదావరిలోని మాధవరాన్ని మిలిటరీ మాధవరమనే పిలుస్తారు, తన సైనికులను ఆ ఊరు మరువలేదు. మన పల్లెల్లో ఆ పని ఇంట్లోనే మొదలుకావాలి. ట్రంకుపెట్టెలో పతకముంటే అంచు చూడండి, నంబరు, పేరు ఉండవచ్చు. పాత ఫొటో వెనుక రాత చదవండి. చర్చి బాప్తిస్మపు రిజిస్టరులో తండ్రి వృత్తి ఏమని రాశారో చూడండి. తిరిగిరానివారి పేర్లను కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ మతభేదం లేకుండా నమోదు చేసింది, ఇంటర్నెట్‌లో ఉచితంగా వెతకవచ్చు. రంగూన్ దగ్గర తౌక్యాన్ స్మారకంమీదే దాదాపు 27 వేల పేర్లున్నాయి. ఇవన్నీ తర్వాత, ముందు ఇంట్లో మిగిలిన వృద్ధులను అడగండి. వాళ్లు చెప్పింది కుటుంబ బైబిలు మొదటి పేజీలో రాసిపెట్టండి. యొర్దానులోనుంచి తెచ్చిన రాళ్లను చూసి పిల్లలు అడిగినప్పుడు చెప్పాలన్నది యెహోషువ ఆజ్ఞ (యెహో 4:6-7). చెప్పడానికి ముందు మనకు తెలియాలి కదా!

తాత పంపిన మనియార్డరుతో ఒకరింట్లో చేను నిలిచింది, ఒకరింట్లో బిడ్డ బడికి పోయింది. అది బేత్లెహేము బావి నీళ్లలాంటిది, ప్రాణం పణంగా పెట్టి తెచ్చింది. ఆ చేనుకోసం అన్నదమ్ములు కోర్టుకెక్కితే, ఆ చదువుతో పొరుగువాణ్ణి చిన్నచూపు చూస్తే, రక్తంతో సమానమైన నీళ్లను మనం కళ్లుమూసుకుని తాగినట్టే. దావీదు వాటిని దేవుని ఎదుట పోశాడు. మనం పోయగలిగిన చోటు పక్కింట్లోనే ఉంది. అక్కడ ఇంకా దాహం తీరనివారున్నారు.