బనియను, ఉత్తరీయము



నేడు నేను మాటాడబోవు వస్తువు మిక్కిలి చిన్నది. మనలో పెక్కుమంది దానిని ధరించియే తెల్లవారుజామున పొలమునకు బోవుదురు. రాత్రి దానితోడనే అరుగుమీద నిద్రింతురు. అయినను క్రొత్తవారెవరైన వాకిట నిలిచి పిలిచినచో, "ఉండండి, చొక్కా తొడుక్కొని వస్తాను" అని లోనికి పరుగెత్తుదురు. అదియే చేతులు లేని బనియను. ఒంటిమీద బట్ట యుండగనే బట్ట లేనివానివలె సిగ్గుపడుట యేల? పంచె గట్టి, భుజముపై కండువా వైచికొని, ఱొమ్ము సగము కనబడుచుండ కూర్చున్న పెద్దమనుష్యుడు లేవకయే అతిథిని పలుకరించును. అతనికంటె నెక్కువ మేను గప్పుకొన్న బనియనువాడు తలుపుచాటునకు బోవును. ఈ వింతకు కారణమేమో విచారింతము.

మొదట పేరు. ఈ మాట మనది కాదని తోచును గాని, దాని మూలము సంస్కృతమే. వణిజుడనగా వర్తకుడు. గుజరాతీ భాషలో అది 'వాణియో' యైనది. పశ్చిమతీరమున దిగిన పోర్చుగీసులును, వారి వెనుక వచ్చిన ఆంగ్లేయులును గుజరాతు వర్తకులను ఈ పేరుతో పిలువజొచ్చిరి. ఆ వర్తకులు పారసీకదేశపు రేవున నొక పెద్ద మఱ్ఱిచెట్టు నీడను చేరుచుండుటచే ఆ చెట్టునకును ఆ పేరే యంటెను. నేటికిని ఆంగ్లమున మఱ్ఱికి అదియే పేరు. పిదప 17, 18 శతాబ్దములలో ఆంగ్లేయులు తూర్పుదేశముల వదులు అంగీల ననుకరించి, ఇంటిలో సుఖముగా నుండుటకై పొడుగు అంగరఖాలు కుట్టించుకొని, వానికిని ఆ పేరే పెట్టిరి. అది కొలువులకు తొడుగునది కాదు. ఇంటిలో, ఆత్మీయుల యెదుట తొడుగునది. తుదకు మనదేశమున ఆ పేరు చొక్కాలోపలి యుడుపునకు దిగెను. 'ఇంటివరకే' యను గుణము ఈ పేరును ఆనాటినుండియే అంటియున్నదని గమనింపుడు. వర్తకుడు, మఱ్ఱి, అంగరఖా, లోపలి యుడుపు: ఒక్క మాట యిన్ని మెట్లు దిగుట వ్యాకరణము చదివినవానికి గూడ వినోదమే.

ఇక వస్తువు. మన నగరి, పుత్తూరు మగ్గములమీద దిగు గుడ్డ పడుగు పేకల కూర్పు. బనియను గుడ్డ అట్టిది కాదు. దారము ఉచ్చులు ఉచ్చులుగా మడతపడి, ఒక వరుస యుచ్చులలోనుండి మఱియొక వరుస దూరుచు పోవును. లాగినప్పుడు ఉచ్చు వెడల్పగును, విడిచినప్పుడు మరల ముడుగును. అందుచేతనే బొత్తాములు లేకయే తలమీదుగా దిగి మేని కంటుకొనును. చేతితో చేయు ఈ యల్లికకు 1589లో ఆంగ్లదేశమున విలియం లీ యనువాడు, మేజోళ్ళకొఱకు, యంత్రమును కల్పించెను. ఆ యంత్రపు సంతతియే మనదేశమున కలకత్తాను చేరి, పిమ్మట కోయంబత్తూరు దాపున, నొయ్యలు నది యొడ్డునగల తిరుప్పూరున వేరూనినది. అచ్చటి వీధులలో 'బనియను కంపెనీ' యనునది పసిపిల్లల నోటగూడ నాడు మాట. మన తిరుపతి అంగళ్ళలో "ఎనభైయైదా, తొంభైయా?" అని యడుగుదురే, అది ఱొమ్ము చుట్టుకొలత సెంటీమీటర్ల లెక్క.

ఆరోగ్యవిషయము రెండు మాటలలో చెప్పి ముందునకు బోవుదును. నూలు చెమటను పీల్చును. పీల్చిన చెమట గాలికి ఆరునప్పుడు మేనిని చల్లబఱచును. ఇది మేలు. కాని తడిసినదానినే దినమంతయు ఉంచుకొన్నచో చెమటకాయలును, తామరయు దాపురించును. ఒకరి బనియనును మఱియొకరు తొడుగరాదు. ఉతికి యెండలో నారవేయవలెను. రోహిణికార్తెలో ఎండపొడకు పనిచేయువానికి బనియను చాలదు. భుజములు, చేతులు కప్పు వదులు నూలుచొక్కాయు, తలపాగయు కావలెను. అన్నిటికంటె ముఖ్యము, మామిడితోటలలో పురుగుమందు కొట్టునప్పుడు బనియనుతో నిలువరాదు. ఆ మందులలో ననేకములు ముక్కునుండియే గాక చర్మమునుండియు లోనికి దిగును. ఉచ్చుల గుడ్డ తడిసి మేని కంటుకొన్నచో ఆ మందును ఒంటికి పట్టువేసినట్లే యగును. నిండుచేతుల చొక్కా తొడిగి, పని ముగియగనే స్నానము చేసి, ఆ బట్టలను వేఱుగా నుతుకవలెను. ఈ యొక్క మాటయైనను మీ యూరి పడుచువాండ్రకు చెప్పుడు.

ఇప్పుడు సిగ్గు సంగతి. దీనికి సాక్ష్యము మన కొండమీదనే యున్నది. తిరుమల ఆలయమున మహాద్వారము దాటగనే కుడివైపున కృష్ణరాయమండపము కలదు. అందు శ్రీకృష్ణదేవరాయలు తిరుమలదేవి, చిన్నాదేవులతో చేతులు జోడించి నిలిచిన విగ్రహములు మీలో చూడనివారుండరు. రాయల తలపై పొడుగు కుళ్ళాయి, నడుమున పంచె. మేనిమీద ఆభరణములే కాని అంగీ లేదు. దక్షిణదేశమును ఏలిన ప్రభువునకు చొక్కా లేకపోయెనా? 1520 ప్రాంతమున విజయనగరమును చూచిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయిస్, రాయలు బంగరు గులాబుల కుట్టుపనిగల తెల్లని దుస్తులు ధరించి యుండెనని వ్రాసినాడు. ఆ కాలమున కొలువునకు బోవువారు మోకాళ్ళు దాటు కబాయి తొడిగి, కుళ్ళాయి పెట్టుకొని పోవుట మర్యాద. అంతకు నూఱేండ్ల ముందే శ్రీనాథ మహాకవి ప్రౌఢదేవరాయల దర్శనమునకై కుళ్ళాయిని, కూర్పాసమును ధరింపవలసి వచ్చినదని, ఆయన పేరిట ప్రసిద్ధమైన చాటుపద్యము చెప్పుచున్నది. ఆ వేషము ఆయన కెంత యిరుకుగా నుండెనో ఆ పద్యము చదివినవారికి తెలియును.

అనగా మనకు మర్యాదలు రెండు. రాజు నెదుట మేను కప్పుట మర్యాద. దేవు నెదుట మేను విప్పుట మర్యాద. రాయలు కొలువున మొదటిదానిని పాలించెను, కొండపై రెండవదానిని పాలించెను. బనియను ఈ రెంటిలో దేనికిని చెందదు. కప్పినట్లు కాదు, విప్పినట్లు కాదు. నడుమ చిక్కినది. నాకు తోచినంతవరకు మన సిగ్గునకు మూల మిదియే.

శాస్త్రదృష్టిని చూచినను ఇట్లే యున్నది. ఒక్క వస్త్రముతో భుజింపరాదని మనుస్మృతి చెప్పుచున్నది. పంచెకు తోడు ఉత్తరీయ ముండవలెను. బనియను ఆ రెండవ వస్త్రమగునా యని నా చిన్ననాట మా గురువుగారిని ఒక సహాధ్యాయి యడిగెను. గురువుగారు చాలసేపు నవ్వి, "అది కుట్టినది, కనుక కర్మకు పనికిరాదు; నేసినది కాదు, కనుక వస్త్రమగునో కాదో తేల్చవలసియున్నది; ముందు దానిని విప్పి భోజనమునకు రమ్ము" అనిరి. తేల్చవలసిన సంగతి నేటికిని తేలలేదు.

ఇంతవరకు చెప్పినది ఉత్తరీయము కలవారి మాట. అది అందఱికిని భుజముమీదనే యుండెడిదా? మన పల్లెలలో దొరలు వీధిని వచ్చునప్పుడు తక్కువ కులములవారనబడినవారు కండువాను భుజమునుండి తీసి చంకబెట్టుకొనవలెను, లేదా నడుమునకు జుట్టుకొనవలెను. మీలో వృద్ధులు కొందఱు కన్నులార చూచియే యుందురు. వారికి మేను విప్పుట భక్తి కాదు, భయము. దక్షిణ తిరువాన్కూరున నాడారు స్త్రీలు ఱొమ్ము గప్పుకొను హక్కునకై దశాబ్దములు పోరాడవలసి వచ్చినది; 1859లో గాని రాజశాసనము వారికి రవికను దయచేయలేదు. అట్టివారి సంతతికి, ఎవరి యనుజ్ఞయు లేకయే అంగడిలో కొని తొడుగుకొను బనియను చిన్న వస్తువు కాదు. కండువాను చంకబెట్టుమన్నట్లు దానిని తీయుమనుట యెవరికిని సాధ్యము కాకపోయెను. తొడిగినవాని కది చెమటగుడ్డ యగుగాక. చరిత్రలో నది మేని కొక గోడ.

1921 సెప్టెంబరులో మదురలో గాంధీమహాత్ముడు చొక్కాను, టోపీని విడిచి కొల్లాయి గట్టెను. కప్పుకొన చాలినంత గుడ్డ లేని కోట్లమందిలో నొకడుగా నుండగోరి యా పని చేసెను. ఆ నాటినుండి వట్టిమేను అవమానమునకే గుఱుతని చెప్పుటకు వీలులేకపోయెను. అయినను, తానుగా విడుచుటయు, ఒకరు విడిపించుటయు వేఱు. ఈ భేదమునే 2024 డిసెంబరు తుదిని కేరళమున శివగిరి మఠాధిపతులు స్వామి సచ్చిదానందగారు పైకెత్తిరి. అచ్చట గురువాయూరు, తిరువనంతపుర పద్మనాభస్వామి మొదలగు ఆలయములలో పురుషులు చొక్కాను, లోపలి బనియనును గూడ విప్పియే లోనికి బోవుట ఆచారము. జందెము గలవా డెవడో లేనివా డెవడో తెలియుటకై పుట్టిన యీ యాచారమును మానవలెనని ఆయన యనగా, ముఖ్యమంత్రి సమర్థించెను. ఆచారమును మార్చుటకు మీ రెవరని మఱికొందఱు ఖండించిరి. మన తిరుమలలో సామాన్యదర్శనమునకు చొక్కా విప్పవలెనను నిర్బంధము లేదు. కల్యాణోత్సవాది సేవలకు పంచె, ఉత్తరీయమో, కుర్తా, పైజామాయో ఉండవలెనని దేవస్థానము వారి నియమము. రాయలవలె విప్పి నిలువగోరువాడు విప్పవచ్చును. నామట్టునకు నే నిదియే మేలందును.

ఇంత యెఱిగినవాడు ఎట్లు నడచికొనెనో యని మీకు సందేహము కలుగవచ్చును. చెప్పెదను.

నేను మన చిత్తూరు సీమలోనొక ఉన్నతపాఠశాలకు ప్రధానోపాధ్యాయుడనై యుండగా, ఒకనాటి మధ్యాహ్నమున ఒకాయన తన కుమారుని చదువు పూర్తియైన పత్రమునకై వచ్చెను. బెల్లపు గానుగలో పెనమువద్ద పనిచేయువాడు. పంచె, చేతులు లేని బనియను. చెఱకుపాలు చింది బనియను ముందువైపు అట్టగట్టి యుండెను. గడపయొద్దనే నిలిచి, "గానుగకాడ నుంచి అట్లే వచ్చేస్తిని అయ్యవారూ" అనెను. నేను తలయెత్తి చూచి, "ఇది బడి, చొక్కా తొడుగుకొని రమ్ము" అంటిని. ఆయన ఇంకేదో చెప్పబోయెను. నేను కాగితములలోనికి తల వంచితిని. గోడమీద మహాత్ముని పటము తగిలించియే యున్నది. ఆ పటమున ఆయన ఒంటిమీద బనియనైనను లేదు.

మఱునా డుదయముననే ఆయన మరల వచ్చెను. చొక్కా తొడిగి వచ్చెను. అది ఆయనది కాదు. భుజములయొద్ద బిగిసి, పై బొత్తాములు రెండును కలియలేదు. ఆ సందున లోపలి బనియను కనబడుచుండెను. పత్రముమీద సంతకము చేయుచు, ఎచ్చట చేర్పించుచున్నా వని యడిగితిని. కళాశాల పేరు చెప్పి, దరఖాస్తు లందించుటకు గడువు నిన్నటి సాయంకాలముతో ముగిసినదనియు, ఆ మాటయే నిన్న చెప్పబోయితిననియు మెల్లగా ననెను. ఆయన కంఠమున కోపము లేదు. పత్రమును మడిచి, చొక్కా జేబు చినిగియుండుటచే, బనియనులోనికి జార్చుకొని పోయెను.

కుఱ్ఱవాడు ఆ యేడు తండ్రితో గానుగయొద్దనే పనిచేసి, మఱుసటి యేడు కళాశాలలో చేరెను.