క్రొత్త ఇంజనుతో లోసముద్రపు వేట

మన తూర్పు తీరమున తరతరాలుగా సముద్రపు వేటకు ఉపకరించినవి తెప్పయు, నావయు. ఇవి గాలిని, తెడ్డును నమ్ముకొని నడచినవి. తెల్లవారుజామున బయలుదేరి పొద్దువాలక మునుపే ఒడ్డు చేరుట వాటి పరిధి. యంత్రము వచ్చిన తరువాత ఈ పరిధి మారినది. 1953లో కేరళలోని నీందకర వద్ద నార్వే దేశపు సహాయముతో యంత్రపు పడవల పథకము ప్రారంభమైనది. తరువాతి దశాబ్దములలో చిన్న నావలకును ఇంజనులు అమర్చుట వ్యాపించినది. నేడు ఆంధ్ర తీరమున కట్టె నావల స్థానమున ఫైబరు నావలు విరివిగా కానవచ్చుచున్నవి.

ఒడ్డుకు దగ్గరగా తిరుగు నావకు పెద్ద ఇంజను, నూనె తొట్టి, మంచు పెట్టె అమర్చినంత మాత్రమున అది లోసముద్రపు నావ అగునా? కాదు. ఇంజను దూరము పోవు శక్తినిచ్చును. క్షేమముగా తిరిగివచ్చు ఉపాయమును వేరుగా సమకూర్చుకొనవలెను. అందుకు తెలిసియుండవలసిన సంగతులను ఒక్కొక్కటిగా పరిశీలింతము.

లోసముద్రమున ఏమున్నది?

తీరము నుండి సముద్రపు నేల మెల్లగా వాలుచు సుమారు 200 మీటర్ల లోతు వరకు పోయి, ఆపైన నిటారుగా దిగిపోవును. ఈ వాలును ఖండతీరపు అంచు అందురు. కానాగడతలు, కవళ్ళు, చందువాలు, రొయ్యలు ఎక్కువగా ఈ అంచు మీదనే దొరకును. దానికి ఆవలనున్న లోతు నీటిలో సూర, కొమ్ముకోనము వంటి పెద్ద చేపలు సంచరించును.

సూర చేప ఎడతెగక ఈదుచుండును. నోరు తెరచి ముందునకు సాగుటవలననే దాని మొప్పలకు నీరందును. ఎండకు వెచ్చబడిన పైనీటికిని, అడుగునున్న చల్లని నీటికిని మధ్య ఉష్ణోగ్రత త్వరత్వరగా మారు పొర యొకటి కలదు. పసుపు రెక్కల సూర తరచుగా ఈ పొర పరిసరములందే మేత వెదకును. అందుచేత గాలమును ఎంత లోతున విడువవలెనను విషయము వేటలో ప్రధానమైనది.

హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రము ఉపగ్రహముల ద్వారా సముద్రపు ఉష్ణోగ్రతను, నీటిలోని పత్రహరితమును కొలిచి, చేపలు కూడు తావులను సూచించు ప్రకటనలను తెలుగులో కూడ వెలువరించుచున్నది. పత్రహరితము ఎక్కువగా నున్నచోట సూక్ష్మమైన మొక్కలుండును. వానిని తిను చిన్న ప్రాణులు, ఆ ప్రాణులను తిను చేపలు అచ్చట చేరును.

వేగమునకు హద్దు

గుర్రపుబలము రెట్టింపైన వేగము కూడ రెట్టింపగునని తలచుట పొరపాటు. నీటిని చీల్చుకొని పోవు నావ తన ముందొక అలను, వెనుకనొక అలను పుట్టించును. వేగము పెరిగినకొలది ఈ అల పొడవగును. అల పొడవు నావ పొడవుతో సమానమైనప్పుడు నావ ఆ రెంటి నడుమ చిక్కుకొని, తన అలనే తాను ఎక్కవలసి వచ్చును. నీటిమట్టమున 9 మీటర్ల పొడవున్న నావకు ఈ హద్దు సుమారు 7.3 నాట్లు. (గంటకు ఒక నాటికల్ మైలు, అనగా 1.852 కిలోమీటర్ల వేగమును ఒక నాట్ అందురు.)

ఈ హద్దునకు చేరువైనకొలది నూనె ఖర్చు మిక్కుటమగును. కావలసిన బలము సుమారుగా వేగము యొక్క ఘనమును బట్టి పెరుగునని లెక్కింపవచ్చును. ఒక నావ 6 నాట్ల వేగమునకు 10 గుర్రపుబలమును, గంటకు రెండున్నర లీటర్ల డీజిలును వాడుచున్న దనుకొందము. 42 నాటికల్ మైళ్ళు పోవుటకు 7 గంటలు, 17.5 లీటర్లు పట్టును. వేగము 7 నాట్లకు పెంచినచో 6 గంటలలో చేరవచ్చును గాని, గంటకు సుమారు 4 లీటర్ల వంతున 24 లీటర్లు కాలును. ఒక గంట మిగుల్చుకొనుటకు మూడవ వంతునకు మించి అధికముగా నూనె వెచ్చింపవలెను.

పోవుటకు మూడవ వంతు, వచ్చుటకు మూడవ వంతు, ఆపదకు మూడవ వంతు అను నూనె నియమము నావికులలో ప్రసిద్ధము. పై లెక్క ప్రకారము 6 నాట్ల వేగముతో 42 మైళ్ళు పోయి రాదలచిన నావలో 52 లీటర్లకు పైగా నుండవలెను. వేట తావున తిరుగుటకు కావలసినది దీనికి అదనము.

బరువు, నిలుకడ

నావ ప్రక్కకు ఒరిగినప్పుడు నీటి ఒత్తిడి ఒరిగిన వైపునకు జరిగి దానిని పైకి లేపును. గరిమనాభి క్రిందుగా నున్నంతవరకు ఈ లేపుడు బలముగా నుండును. నూనె పీపాలు, మంచు పెట్టె, వలలు పైతట్టున పేర్చినచో గరిమనాభి పైకి జరిగి, ఆ బలము తగ్గును. వెనుక కొసను బరువైన ఇంజను తగిలించిన నావకు వెనుక అంచు నీటికి దగ్గరై, తరుముకొని వచ్చు అల లోనికి పొరలు ప్రమాదము కలదు.

అడుగున నిలిచిన నీరు మరింత అపాయకరమైనది. పళ్ళెములో నీళ్ళు పోసి నడచి చూచినచో ఈ సంగతి బోధపడును. పళ్ళెము కొంచెము వాలగానే నీరంతయు ఆ వైపునకే పరుగెత్తి, వాలును మరింత పెంచును. కావున కరిగిన మంచునీటిని, లోనికి వచ్చిన సముద్రపు నీటిని వెంటవెంటనే తోడివేయవలెను. చేపలను కూడ అటునిటు జారకుండ అడ్డుపలకల మధ్య నుంచవలెను.

నిలుకడను తెలిసికొనుటకు సులభమైన పరీక్ష యొకటి కలదు. నిశ్చలమైన నీటిలో నావను ప్రక్కలకు ఊపి, కొన్ని ఊగులకు పట్టు కాలమును మార్పులకు ముందును, తరువాతను కొలువవలెను. క్రొత్త సామాను ఎక్కించిన తరువాత నావ మునుపటికంటె స్పష్టముగా మందముగా, బద్ధకముగా ఊగుచున్నచో దాని నిలుకడ తగ్గినదని అనుమానింపవలెను.

ఆనవాళ్ళు మాయమైన తరువాత

రెండు మీటర్ల ఎత్తున కన్నుంచి చూచువానికి సముద్రపు అంచు మూడు నాటికల్ మైళ్ళ దూరమునకు లోపుననే యుండును. 150 మీటర్ల ఎత్తైన కొండ నిర్మలమైన పగటివేళ సుమారు 28 మైళ్ళ నుండి కనబడవచ్చును గాని, మంచు, మబ్బు అలముకొన్నచో అందులో సగము దూరమునకే మరుగగును. కొండలను, గుడి గోపురములను వరుసలో పెట్టి తావు గుర్తించు పాత నేర్పు అచ్చటితో ముగియును. ఆపైన దిక్సూచియు, ఉపగ్రహ సంకేతములను పట్టు పరికరమును దారి చూపవలెను.

ఇంజను మార్చిన నావలో దిక్సూచిని తిరిగి పరీక్షింపక నమ్మరాదు. ఇంజనులోని ఇనుము, ప్రక్కన పోవు విద్యుత్తు తీగలు అయస్కాంతపు సూదిని ప్రక్కకు లాగును. దోషము 5 డిగ్రీలే యైనను, 40 మైళ్ళ ప్రయాణమున నావ మూడున్నర మైళ్ళు ప్రక్కకు పోవును. అంత దూరము తప్పినచో, కొండలులేని పల్లపు ఒడ్డున ఏటి మొగను గుర్తించుట దుర్లభము. ఒడ్డున రెండు స్థిరమైన గుర్తులు ఒకే వరుసలోనికి వచ్చినప్పుడు వాని దిక్కును సముద్ర పటముతో పోల్చి, నావను ఎనిమిది దిక్కులకు త్రిప్పి, ఒక్కొక్క దిక్కున కనబడిన తేడాను వ్రాసికొని దగ్గర నుంచుకొనవలెను.

ప్రవాహమును కూడ లెక్కింపవలెను. మన తీరము వెంబడి ఫిబ్రవరి, మార్చి నెలలలో నీరు ఉత్తరమునకును, నవంబరు ప్రాంతమున దక్షిణమునకును పారును. ఒక నాట్ ప్రవాహములో ఇంజను ఆగిన నావ పది గంటలలో పది మైళ్ళు కొట్టుకొనిపోవును.

మంచు లెక్క

సూర రక్తము చుట్టునున్న నీటికంటె వెచ్చగా నుండును. గాలమునకు చిక్కి పెనుగులాడినప్పుడు ఆ వేడి మరింత హెచ్చును. చేపను వెచ్చగా వదలినచో సూక్ష్మజీవులు దాని మాంసములోని హిస్టిడిను అను పదార్థమును హిస్టమిను అను విషముగా మార్చును. ఒకసారి పుట్టిన ఈ విషము వండినను పోదు. అందుచేత చేపను పట్టగానే రక్తము కార్చి, పేగులు, మొప్పలు తీసి, కడిగి, మంచులో కప్పవలెను.

ఒక కిలో మంచు కరుగుటకు 80 కిలో కేలరీల వేడిని గ్రహించును. ఒక కిలో చేపను 30 డిగ్రీల నుండి 0 డిగ్రీకి దింపుటకు సుమారు 24 కిలో కేలరీలు తీయవలెను. అనగా ఆ పనికి 300 గ్రాముల మంచు చాలును. మరి కిలో చేపకు కిలో మంచు కావలెనని అనుభవజ్ఞులు చెప్పుట ఏల? మిగిలిన మంచు పెట్టె గోడల గుండ లోనికి చొచ్చు వేడితో పోరాడుటకే. పెట్టె గోడలు దళసరిగా నున్నకొలది ఈ నష్టము తగ్గును.

వాతావరణము, వార్త

2017 నవంబరు చివర ఓఖీ తుపాను దక్షిణ తీరమును తాకినప్పుడు, ముందే లోసముద్రమునకు పోయియున్న కేరళ, తమిళనాడు మత్స్యకారులు అనేకులు మరణించిరి. చేతి ఫోను సంకేతములు ఒడ్డు నుండి కొద్ది దూరమే పారును. ఒడ్డున ప్రకటించిన హెచ్చరిక వారికి చేరలేదు. ఈ కొరతను తీర్చుటకై 2019లో ఉపగ్రహము ద్వారా హెచ్చరికలనందించు జెమిని అను పరికరము ప్రవేశపెట్టబడినది. అది వార్తను అందుకొనునే గాని పంపజాలదు. ఆపదను తెలుపుటకు వేరుగా సంకేత ప్రసారిణియు, రేడియోయు ఉండవలెను. రేడియోలో 16వ చానలు ఆపద పిలుపులకు కేటాయింపబడినది. తీరరక్షక దళమును ఒడ్డు నుండి పిలుచుటకు 1554 అను ఫోను సంఖ్య కలదు.

మొదటి ప్రయాణములు

తొలి ప్రయాణము దూరపు వేటకు కాక, నావను పరీక్షించుటకే యుద్దేశింపబడవలెను. మొదట 5 మైళ్ళు, పిదప 15 మైళ్ళు, అనుభవముగల మరియొక నావ తోడుగా పోయిరావలెను. ఇంజను బిగించిన బోల్టులు మొదటి కొన్ని గంటలలో సడలును గనుక, తిరిగి బిగింపవలెను. ఇరుసు నావ వెలుపలికి పోవుచోట ప్యాకింగు ఉన్నచో నీటిబొట్లు కొద్దిగా కారుట సహజము. ధారగా కారుట సహజము కాదు. నూనెలో నీరు చేరినచో ఇంజను నిలిచిపోవును గనుక, వడపోతను చూచి, అదనముగా మరియొకటి ఉంచుకొనవలెను. గంటకు కాలిన నూనెను ప్రతిసారి వ్రాసికొనవలెను. ఇంజనును అమ్మినవాడు చెప్పిన లెక్కకంటె ఈ లెక్కయే నమ్మదగినది.

ప్రతి మనిషికి ప్రాణరక్షక కవచము, త్రాగునీరు, తెడ్డు లేక చిన్న తెరచాప, లంగరు, దీపము తప్పక యుండవలెను. ఎటు పోవుచున్నది, ఎప్పుడు తిరిగివచ్చునది, నావలో ఎందరున్నది ఒడ్డున ఒకరికి తెలిపి పోవలెను. తూర్పు తీరమున ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు అమలగు 61 రోజుల నిషేధ కాలమును ఇంజను, వలల మరమ్మతులకు వినియోగించుట మేలు.

పూర్వులు గాలి మారుటను, నీటి రంగును, పక్షుల గుంపులను చూచి సముద్రమును చదివిరి. ఇంజను వచ్చినందున ఆ చదువు అనవసరము కాలేదు. దానికి నూనె లెక్క, మంచు లెక్క, దిక్సూచి లెక్క తోడైనవి. ఈ లెక్కలు కుదిరిన నావ ఎంత దూరము పోయినను ఇంటివారికి దిగులుండదు.