బొమ్మ పొగబండి నిర్మాణము



ఆలూరు, ఆర్మూరు ప్రాంతముల పసుపు రైతులకు పొగబండి బొమ్మతో పని యేమి యని మీలో కొందరు అడుగవచ్చును. నేను చెప్పబోవునది పిల్లవాడు దారము కట్టి యీడ్చుకొనిపోవు బొమ్మ కాదు. అది మూరకు మించిన పొడవు గలది. నిజమైన ఇంజనును ఇరువదిరెండున్నర వంతులలో ఒక వంతుగా కుదించి, కొలత తప్పకుండ చేసిన ప్రతిరూపము. దానిని చేయు విధానమును గూర్చియు, అందు మీవంటి పెద్దల సాక్ష్యమునకు గల స్థానమును గూర్చియు ఈ పూట ముచ్చటించెదను.

మన ఆర్మూరు మీదుగా కరీంనగరు, నిజామాబాదులను కలుపు రైలు మార్గము 2017లో పూర్తియైనది. అప్పటికి ఆవిరి ఇంజనుల కాలము ముగిసిపోయినది. అనగా మన ఊళ్ల పిల్లలు తమ ముంగిట రైలును చూచిరి గాని పొగబండిని చూడలేదు. పూర్వము మన పసుపు బస్తా ఎడ్లబండి యెక్కి, సుమారు 25 కిలోమీటర్లు నడచి, నిజామాబాదు చేరిన తరువాతనే ఇంజను మొగము చూచెడిది. అక్కడి మార్గము సికింద్రాబాదు నుండి మన్మాడు వరకు 391 మైళ్ల పొడవున సాగిన గోదావరి లోయ మార్గము. వాడి నుండి సికింద్రాబాదునకు 1874లో వచ్చిన నిజాము రైలు వెడల్పు పట్టాలది. గోదావరి లోయది మాత్రము మీటరు గేజి. అనగా పట్టాల నడుమ సరిగా ఒక మీటరు. తరువాతి కాలమున దానిని గూడ వెడల్పు చేసిరి. కావున ఆ చిన్న పట్టాలును, వాటిపై నడచిన చిన్న ఇంజనులును ఇప్పుడు మన కంటికి కనబడవు.

ఇక బొమ్మ సంగతి. జర్మనీ దేశమున నురెంబర్గు పట్టణమునందలి లేమన్ అను బొమ్మల సంస్థ 1968లో ఎల్.జి.బి. అను పేరుతో తోటలో నడుపదగిన పెద్ద బొమ్మరైళ్లను వెలువరించెను. వాటి పట్టాల నడుమ దూరము 45 మిల్లీమీటర్లు. 1:22.5 కొలతలో ఇది మీటరు గేజి బండ్లకు సరిపోవును. వేయి మిల్లీమీటర్లను 22.5 చేత భాగించి చూడుడు, 44.4 వచ్చును. జర్మనీ వారి కొలత మన గోదావరి లోయకు అట్లే అమరినది! వెడల్పు మార్గపు ఇంజనును ఇదే కొలతలో చేయవలెనన్నచో పట్టాల నడుమ 74 మిల్లీమీటర్లకు పైగా కావలెను. అట్టి పట్టాలు అంగడిలో దొరకవు.

అయితే జర్మనీ బొమ్మ జర్మనీ ఇంజనువలెనే యుండును గదా. మన ఇంజను కావలెనన్నచో ఏమి చేయవలెను? దీనికి రెండు మార్గములు. ఒకటి, సమస్తమును లోహముతో మొదటినుండి చేసికొనుట. దానికి కమ్మరి కొలిమి, కంసాలి చేతివాటము, గడియారములు బాగుచేయువాని ఓపిక మూడును కావలెను. రెండవది, రెండు మూడు బొమ్మల పెట్టెలు కొని, ఒకదాని చక్రములు, వేరొకదాని బాయిలరు, ఇంకొకదాని గది తీసి, కోసి, అతికి, ఏ పెట్టెలోను లేని క్రొత్త ఇంజనును పుట్టించుట. దీనిని ఆంగ్లేయులు కిట్‌బ్యాషింగ్ అందురు. పేరు మోటుగా నున్నది గాని పని మనకు క్రొత్తది కాదు. ఒక బండి ఇరుసు, మరొక బండి నొగలు కలిపి వడ్రంగి కోతల వేళకు క్రొత్త బండి నిలబెట్టుట మీరు చూచినదే.

నేను రెండు పెట్టెలు తీసికొంటిని. ఒకదానిలో ఆరు చక్రముల చిన్న ఇంజను. రెండవదానిలో బొగ్గును నీటిని మోయు వెనుక బండి, అనగా టెండరు. నమూనాకు ఎఫ్ తరగతి ఇంజనును ఎన్నుకొంటిని. అజ్మీరు కర్మశాలలో 1895లో తయారైన ఎఫ్ 734 అను ఇంజను భారతదేశమున సంపూర్ణముగ నిర్మింపబడిన మొదటి ఇంజనుగా ప్రసిద్ధి కెక్కినది. అది ఢిల్లీలోని రైలు ప్రదర్శనశాలలో భద్రముగ నున్నది. మీలో పలువురు చూచినవి తరువాతి కాలపు వై.పి., వై.జి. ఇంజనులు కావచ్చును. వై.పి. ఇంజనులు 871, వై.జి. ఇంజనులు 1074 తయారైనవి. అవి పొడవైనవి. మన అంగణములలో మలుపు తిరుగవు.

ఈ మలుపు సంగతి కొంచెము చెప్పవలెను. మన దేశపు మీటరు గేజి మార్గములలో మిక్కిలి వంపైన మలుపునకు వ్యాసార్ధము సుమారు 109 మీటర్లు. దానిని 22.5 చేత భాగించిన దాదాపు 5 మీటర్లు వచ్చును. అట్టి చుట్టు వేయుటకు పది మీటర్ల వెడల్పు గల ఖాళీ స్థలము కావలెను. బొమ్మల వారు అమ్ము చిన్న మలుపునకు వ్యాసార్ధము 60 సెంటీమీటర్లే. అందుచేతనే బొమ్మ ఇంజనుల చక్రములు దగ్గర దగ్గరగా నుండును, వాటి అంచులు లోతుగా నుండును. చక్రముల మధ్య దూరమును నిజమునకు తగినట్లు పెంచితిమా, మలుపులో పట్టా తప్పును. ఇచ్చట కొలతకును నడకకును తగవు వచ్చును. నా తీర్పు నడక పక్షముననే. నడువని ఇంజను అలమరలో నిలుచును. అలమరలోని దానిని పిల్లలు రెండు దినములలో మరతురు.

గది విషయమున మాత్రము రాజీ పడరాదు. ఐదడుగుల ఆరంగుళముల మనిషి ఈ కొలతలో మూడంగుళములకు వెంట్రుకవాసి తక్కువ యుండును. నేను మొదట ఒక కొయ్య మనిషిని ఆ ఎత్తున చెక్కి గదిలో నిలబెట్టితిని. కప్పు వాని తలకు తగిలినది. పెట్టెలో వచ్చిన గోడలను ఎనిమిది మిల్లీమీటర్లు పెంచి, మన యెండకు తగినట్లు కప్పును వెనుకకు సాగదీసితిని. మనిషి నిలువగలిగిన పిమ్మట బొమ్మ రూపమే మారిపోయెను. పెట్టె మీది బొమ్మలు చూచి మోసపోకుండుటకు ఇంతకంటె సులువైన పరీక్ష లేదు.

క్రొత్త భాగములకు నేను వాడినది పొణికి కొయ్య. గోదావరి ఆవలి నిర్మల్ కళాకారులు బొమ్మలు చెక్కునది దానితోనే. మెత్తనిది, తేలికైనది, ఉలికి ఎదురాడనిది. పొగగొట్టము, ఆవిరి బుడిపె దానితో చెక్కితిని. అతుకుల సందులు పూడ్చుటకు రంపపు పొట్టును చింతగింజల జిగురుతో కలిపిన ముద్ద బహు చక్కగ పనిచేయును. కొండపల్లి వారు దీనిని మక్కు అందురు. కాని ఈ ముద్ద కొయ్యను పట్టుకొనునట్లు ప్లాస్టికును పట్టుకొనదు. ఎండిన తరువాత పెచ్చులుగా రాలును. ప్లాస్టికునకు దానిని కొంచెము కరిగించి ఏకము చేయు ద్రావకమే తగినది. ఆ ద్రావకపు వాసన తలకు పట్టును గాన ఆరుబయట కూర్చుండి చేయవలెను.

పొణికి తేలిక గనుక మరియొక చిక్కు. ఇంజను లాగు శక్తి చక్రముల మీది బరువును బట్టి యుండును. బురదలో ఖాళీ బండి ఎడ్లు జారినట్లు తేలికైన ఇంజను చక్రములు ఉన్నచోటనే తిరుగును. అందుచేత బాయిలరు లోపల, సరిగా చక్రముల మీదుగా, ఇనుప ముక్కలు పేర్చి బిగించితిని. విద్యుత్తును పట్టాల ద్వారా పంపుట వాడుకయే గాని మన దుమ్మునకు ఇత్తడి పట్టాలు త్వరగా మసకబారును. టెండరులో బ్యాటరీ నుంచుట మేలు.

ఇప్పుడు చక్రముల రహస్యము వినుడు. ఇంజనునకు రెండు ప్రక్కల రెండు సిలిండర్లు. ప్రతి సిలిండరులోను పిస్టను ముందుకు వెనుకకు ఆడును. ఒక కొసకు చేరినప్పుడు అది చక్రమును త్రిప్పజాలదు. నూతి గిలకపై తాడు నిలువునా బిగిసినట్లు. ఆ క్షణమున రెండవ ప్రక్కది తన బలమంతయు చూపవలెను. అందుకే కుడి ఎడమల త్రిప్పుకడ్డీలను ఒకదానికొకటి పావుచుట్టు తేడాతో అమర్తురు. బొమ్మ చక్రములు ఊడదీసి తిరిగి పెట్టునప్పుడు ఈ పావుచుట్టు చెదరినచో కడ్డీలు పట్టుకొని ఇంజను కుంటును. ప్రతి పిస్టను ఒక చుట్టునకు రెండుమారులు ఆవిరిని పొగగొట్టములోనికి విడుచును. ఇద్దరికి నాలుగు. మీరు చిన్ననాట విన్న చుక్ చుక్ శబ్దము అదియే: చక్రము ఒకచుట్టు తిరిగిన నాలుగు దెబ్బలు. నాలుగడుగుల చక్రము గల వై.జి. ఇంజను మనిషి నడక వేగమున, గంటకు 5 కిలోమీటర్ల చొప్పున కదలినప్పుడు రెండు సెకండ్లకు మూడు దెబ్బలు, లెక్కపెట్టవచ్చును. గంటకు 40 కిలోమీటర్లు చేరినచో సెకండుకు పదకొండు దాటును; ఇక చెవికి అది ఒకే జోరు. బొమ్మ గూడ కొలత ప్రకారము పోవలెనన్నచో 40 కిలోమీటర్ల వేగమునకు సెకండుకు అరమీటరు చాలును. పిల్లలు దానిని బాణమువలె పరుగెత్తింపగోరుదురు. మీరు దగ్గర నున్నచో ఒప్పుకొనకుడు.

ఇక అలంకారము. చేతిపట్టు కడ్డీలకు ఒకటిన్నర మిల్లీమీటరు ఇత్తడి తీగ. మేకుల తలలకు పలుచని రేకును వెనుకనుండి మొద్దు సూదితో నొక్కవలెను. ముందరి దీపమునకు గాజుపూస. బొగ్గునకు బొగ్గే, సన్నగ నలుగగొట్టినది. వెడల్పు మార్గపు ఇంజనునకు ముందు రెండు ప్రక్కల రెండు బఫర్లుండును. మన మీటరు గేజికి నడుమ ఒకటియే. పెట్టెలో ప్రక్క బఫర్లు వచ్చినచో కోసివేయవలెను. ఈ యొక్క తప్పును విడిచినచో మిగిలిన శ్రమయంతయు వ్యర్థము. చూచినవాడు అది మన బండి కాదని వెంటనే చెప్పును.

పాత ఛాయాచిత్రములలో ఇంజను ఒక ప్రక్కయే తరచుగ కనబడును. రెండవ ప్రక్క ఏమున్నదో చెప్పవలసినది చూచినవారే. ఆలూరులో ఒక పెద్దమనిషి యౌవనమున పసుపు బస్తాలతో నిజామాబాదు స్టేషనునకు పలుమారులు పోయినవాడు. సగము ముగిసిన నా ఇంజనును ఆయన ముందుంచితిని. చాలసేపు త్రిప్పి చూచి, “బిడ్డా, నీళ్ల సంచి ఏది? గది బైట కాన్వాసు సంచి యాలాడుతుండె. అది లేని ఇంజను నేను చూడలే” అనెను. గుడ్డ సంచిలోని నీరు చెమర్చి, గాలికి ఆరుచు చల్లబడునని మన కందరకు తెలిసినదే. నిప్పుగుండము చెంత పనిచేయు వారికి అది ప్రాణాధారము. ఏ పెట్టెలోను అది రాదు. పాత గొడుగు గుడ్డతో గోరంత సంచి కుట్టి వ్రేలాడదీసితిని. ఆయన పొరుగువాడు ఇంజను నల్లనిది కాదు, ఎరుపు కలిసిన గోధుమవన్నె అని వాదించెను. ఈయన నలుపే అని పంతము పట్టెను. ఇద్దరును పెద్దలే, ఇద్దరును చూచినవారే. ఇద్దరు రెండు వేరు ఇంజనులను చూచియుండుటయు సాధ్యమే.

ఇట్టి చోట చేయువాని బాధ్యత పెద్దది. మనుమడు ఈ బొమ్మనే చూచి, నాటి బండి ఇట్లే యుండెనని రేపు తన పిల్లలకు చెప్పును. వానిని సరిదిద్దుటకు అప్పుడు చూచినవారెవరును ఉండరు. కావున నేను నలుపు వేసితిని గాని, టెండరు అడుగున ఒక చీటీ అంటించితిని. అందు కొలిచి చేసినవి ఒక వరుస. ఛాయాచిత్రము చూచి చేసినవి ఒక వరుస. పెద్దలు చెప్పగా చేసినవి ఒక వరుస, చెప్పినవారి ఊరితో సహా. నా ఊహ మాత్రమైనవి చివరి వరుస. నీళ్ల సంచి మూడవ వరుసలో నున్నది. రంగు ఎదుట ఇరువురి మాటయు వ్రాసితిని.

మెరుపు చావగొట్టుట కడపటి పని. పొగగొట్టము వెనుక మసి, కడ్డీల దగ్గర నూనె జిడ్డు, ఆవిరి కవాటముల క్రింద సున్నపు తెల్లని చారలు. ఆ చారలు నీటిలోని ఉప్పులు ఎండి మిగిలినవి. మన బావినీరు కాచిన గిన్నె అడుగున పట్టు పొరవంటివే. వీటిని కొంచెమే వేయవలెను. ఇంజను నడుపువారు తమ బండిని తుడుచుకొనెడివారు గాని మురికిలో వదలెడివారు కారు.

నా చీటీలో ఈల సంగతి ఇంకను వ్రాయలేదు. ఆ ఈల ఒక్క గొంతుదో, రెండు మూడు గొంతులు కలిసినదో, స్టేషను చేరకముందు ఎన్నిమారులు మ్రోగెడిదో మీలో వినినవారున్నచో, మీ ఇంటి పిల్లలచేత ఒక కార్డు వ్రాయించి రేడియో కేంద్రమునకు పంపుడు. మీ ఊరి పేరుతో దానిని మూడవ వరుసలో చేర్చెదను.