అరచేతి తెరకు అక్షరం ఒక్కటే చాలదు

బస్సు కండక్టరు చేతిలోని టికెట్ల యంత్రం, చౌకధరల దుకాణంలోని ఈ-పోస్, ఇంటింటికీ తిరిగి విద్యుత్ బిల్లు ఇచ్చే ఉద్యోగి చేతి పరికరం... ఇవన్నీ చిన్న తెర మీద నడిచే కంప్యూటర్లే. వీటిని వాడేవారికి బల్ల ఉండదు, మౌస్ ఉండదు. ఎండలోనో, రద్దీలోనో నిలబడి పని ముగించాలి. చదువు రాని వ్యక్తికి తెర మీది అక్షరాలు ఉన్నా లేనట్టే. కనుక పెద్ద కంప్యూటర్ తెరను కుదించినంత మాత్రాన అది చేతి పరికరానికి సరిపోదు.

సింప్యూటర్ చూపిన దారి

ఈ సమస్యకు మన దేశంలో చెప్పుకోదగ్గ సమాధానం బెంగళూరులో రూపుదిద్దుకుంది. భారతీయ విజ్ఞాన సంస్థ ఆచార్యులు కొందరు, ఎన్‌కోర్ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లతో కలిసి 1999లో సింప్యూటర్ ట్రస్టును స్థాపించారు. 2001 ఏప్రిల్‌లో నమూనా పరికరాన్ని ప్రదర్శించారు. లైనక్స్‌తో నడిచే ఈ పరికరానికి 320×240 పిక్సెళ్ల స్పర్శ తెర ఉండేది. అంత చిన్న తెర మీద పట్టేది కొద్ది వాక్యాలే.

ఆ పరిమితి నుంచే రూపకర్తలు ఆలోచన ప్రారంభించారు. చదవలేనివారి కోసం, తెర మీది పాఠాన్ని భారతీయ భాషల్లో పైకి వినిపించే ఏర్పాటు చేశారు. పరికరం కొనలేనివారి కోసం స్మార్ట్ కార్డును జోడించారు. ఎవరి వివరాలు వారి కార్డులోనే ఉంటాయి కాబట్టి ఒకే పరికరాన్ని ఊరంతా పంచుకోవచ్చునన్నది వారి ఉద్దేశం.

స్క్రిప్టు ఎందుకు?

తెర మీద ఏది ఎక్కడ కనిపించాలో చెప్పడానికి ఐఎమ్ఎల్ అనే భాషను రూపొందించారు. ఇది ఎక్స్ఎమ్ఎల్ పద్ధతిని అనుసరించిన గుర్తుల భాష. స్మార్ట్ కార్డులోని వివరాలతో పనిచేయగలగడం దీని ప్రత్యేకత. ఇటువంటి భాషలో పుట వివరణ మామూలు పాఠ్య ఫైలుగా ఉంటుంది. పరికరంలోని ప్రోగ్రాము దాన్ని చదివి తెర మీద చూపుతుంది. మార్కెట్ ధరల పుటను కన్నడం నుంచి తెలుగులోకి మార్చాలంటే ఆ ఫైలును మారిస్తే చాలు. పరికరంలోని మూల సాఫ్ట్‌వేర్‌ను ముట్టుకోనక్కరలేదు. జ్ఞాపకశక్తి తక్కువగా ఉన్న పరికరాలకు ఇది పెద్ద వెసులుబాటు.

తెలుగు లిపికి కావలసిన చోటు

తెలుగు లిపిలో గుడి పైన, వత్తు కింద చేరుతాయి. ఇంగ్లీషు అక్షరాల కొలతతో వరుస ఎత్తును నిర్ణయిస్తే వత్తు తెగిపోతుంది. ధరల పట్టికలో ‘పత్తి’ కాస్తా ‘పతి’ అవుతుంది. అక్షరాలను కూర్చే ప్రోగ్రాములోనూ జాగ్రత్త అవసరం. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’కు సంబంధించిన ఒక అక్షర కూర్పు ఎదురైనప్పుడు ఐఫోన్లలో పలు యాప్‌లు మూతపడ్డాయి. ఆపిల్ సంస్థ అదే నెలలో ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి లోపాన్ని సరిదిద్దింది.

వేలికీ చోటు కావాలి. ఆండ్రాయిడ్ మార్గదర్శకాల ప్రకారం తాకవలసిన బటన్ సుమారు 9 మిల్లీమీటర్ల పొడవు, వెడల్పు ఉండాలి. దీన్ని పాటిస్తే చిన్న తెర మీద ఎక్కువ ఎంపికలు సౌకర్యంగా పట్టవు. ఏది ఉంచాలి, ఏది తీసివేయాలి అన్న నిర్ణయమే రూపకల్పనలో కఠినమైన భాగం.

సింప్యూటర్ 2004లో మార్కెట్‌లోకి వచ్చినా ఆశించినంతగా అమ్ముడుపోలేదు. తర్వాత ఆ స్థానాన్ని సెల్‌ఫోన్లు ఆక్రమించాయి. అయితే అది వేసిన ప్రశ్న నేటికీ నిలిచే ఉంది. పింఛను, రేషన్, నగదు చెల్లింపులు చేతి తెరల మీదికి చేరాక, తెర అర్థం కాకపోవడమంటే హక్కు అందకపోవడమే. అందువల్ల ఏ యాప్‌నైనా విడుదల చేసేముందు, ఇంగ్లీషు రాని వ్యక్తి చేతికిచ్చి, ఏమీ చెప్పకుండా పక్కన నిలబడి చూడాలి. ఆ వేలు ఎక్కడ ఆగిపోతుందో అక్కడే సవరణ మొదలుకావాలి.