సొరుగులోని కంపెనీలు

బందరుకు కంపెనీల పోటీ కొత్త కాదు. 1605లో డచ్చివారు వచ్చారు. 1611లో ఇంగ్లీషువారు వచ్చారు. 1669లో ఫ్రెంచివారు కూడా వచ్చి కొట్లు పెట్టారు. అందరికీ కావలసింది మన అద్దకపు బట్ట. అందరూ గోలకొండ సుల్తానుల దగ్గర ఫర్మానాలు సంపాదించినవారే, ఒకరిమీద ఒకరు చాడీలు చెప్పుకున్నవారే. ఇప్పుడు వారెవరూ లేరు. వలందపాలెం వుంది, ఫ్రెంచిపేట వుంది, ఇంగ్లీషుపాలెం వుంది. కంపెనీలు వెళ్ళిపోయి పేటలకు పేర్లు మిగిలాయి.

ఈ పాతకథ నాకు జ్ఞాపకం రావడానికి కారణం కోనేరు సెంటరు దగ్గర ఒక సందులో సెల్ ఫోనులు బాగుచేసే కుర్రవాడు. కుర్రవాడంటున్నాను గాని నలభై దాటాయి లెండి. చూపుడువేలంత స్క్రూడ్రైవరు, కంటికి భూతద్దం, పొగలు కక్కే సాల్డరింగు పుల్ల. అతని ఆస్తి అంతా అదే. బల్లకింద ఒక పెద్ద సొరుగు వుంది. బాగుపడని ఫోనులు, యజమానులు తిరిగి రాని ఫోనులు, తూకానికి కొన్న ఫోనులు అందులో పడేస్తాడు. ఏ ఫోనుకైనా బజారులో దొరకని భాగం కావలసివస్తే ఆ సొరుగులో చెయ్యిపెట్టి కెలుకుతాడు.

“మాస్టారూ, ఇదేనండీ మన బందరు మ్యూజియం,” అన్నాడు నవ్వుతూ. పైనుంచి కిందికి తవ్వుకుంటూపోతే ఏ సంవత్సరంలో ఏ కంపెనీ రాజ్యమేలిందో చెప్పవచ్చు.

అట్టడుగున నోకియాలు. 2003లో వచ్చిన 1100 అనే రకం గుర్తుందా? ప్రపంచం మొత్తంమీద 25 కోట్లు అమ్ముడుపోయిన ఫోను అది. దానికి ఫోటోలు తియ్యడం రాదు, పాటలు పాడడం రాదు. కాని నెత్తిమీద టార్చిలైటు వుంది. కరెంటు పోయిన రాత్రి చేలగట్టు మీద పాముపుట్రా చూసుకుని అడుగువేసే రైతుకు అంతకంటె ఏం కావాలి? ఆ ఏడే రిలయన్సువారు 501 రూపాయలు కట్టించుకుని చేతికి ఫోను ఇచ్చారు. సిమ్ము లేని ఫోను అది. అప్పటిదాకా డాక్టర్ల దగ్గరా ప్లీడర్ల దగ్గరా కనిపించిన వస్తువు కూరగాయల బండి మీదికి దిగింది. అయినా ఇంట్లో మాటవరసకు “నోకియా ఎక్కడ పెట్టావే?” అంటే ఫోను అనే అర్థం. 2006లో మద్రాసుకు దగ్గర శ్రీపెరుంబుదూరులో నోకియావారు పెట్టిన కర్మాగారం 2014 నవంబరులో మూతపడుతుందని ఆనాడు ఎవరైనా అంటే పిచ్చివాడనేవాళ్ళు.

ఎందుకు పడిపోయింది? పెద్దపెద్ద కారణాలున్నాయి. 2007లో ఆపిల్ కంపెనీ ఐఫోను తెచ్చింది, మరుసటి ఏడు ఆండ్రాయిడు వచ్చింది, నోకియా తన పాత పద్ధతినే పట్టుకుని వేళ్ళాడింది. 2014 ఏప్రిల్‌లో ఫోనుల వ్యాపారాన్ని మైక్రోసాఫ్టుకు అప్పగించి ఊపిరి పీల్చుకుంది. మన కోనేరు సెంటరు అబ్బాయి మాత్రం ఒకే ఒక కారణం చెప్పాడు: “రెండు సిమ్ములండీ.” ఆలోచిస్తే నిజమే. బందరులో ఒక కంపెనీ సిగ్నలు బాగుంటుంది. కోడూరు దాటి కిందికిపోతే అది మూగబోయి మరొకటి పలుకుతుంది. ఒకదానిలో మాటలు చవక, ఇంకొకదానిలో మెసేజీలు ఉచితం. జనం జేబులో రెండు సిమ్ములు పెట్టుకుని, ఫోను వెనక మూత వూడదీసి మార్చుకుంటూ తిరుగుతూవుంటే, ఆ సంగతి అంత పెద్ద కంపెనీకి ఆలస్యంగా తెలిసింది.

ముందుగా తెలిసింది మన దేశపువాళ్ళకే. అందుకే సొరుగులో నోకియాల పైవరస మైక్రోమాక్సులు, కార్బన్లు, లావాలు, ఇంటెక్సులు, సెల్‌కాన్లు. 2008లో మైక్రోమాక్సు మొదటి ఫోను వచ్చింది. ఒకసారి చార్జింగు పెడితే నెల్లాళ్ళు వుంటుందని దాని ప్రకటన. 2009లో హైదరాబాదులో మన తెలుగువారే, వై. గురుగారు, సెల్‌కాన్ పెట్టారు. క్రికెట్టు ఆటగాడు విరాట్ కోహ్లీ చేత ప్రకటనలు ఇప్పించారు. 2015లో మేడ్చల్ దగ్గర కర్మాగారం కూడా తెరిచారు. 2014 చివర, ఒక లెక్కల సంస్థ ప్రకారం, స్మార్టుఫోనుల అమ్మకంలో మైక్రోమాక్సు సామ్‌సంగునే దాటింది. సామ్‌సంగువారు ఒప్పుకోలేదనుకోండి. ఓడినవాడు ఎప్పుడు ఒప్పుకున్నాడు గనక!

కాని ఈ ఇంటిదీపాల్లో చాలావాటికి చమురు పరాయిది. నమూనా చైనాలో షెన్‌జెన్ నుంచి వచ్చేది, దానిమీద ఇక్కడ పేరు అచ్చువేసేవారు. మార్కెట్టు నిలకడగా వున్నంతకాలం అది తెలివైన వ్యాపారమే. 2016 సెప్టెంబరు 5న జియో వచ్చింది. అది 4జీ మాత్రమే. మాట కూడా ఇంటర్నెట్టు దారినే పోవాలి. 3జీ ఫోనులో ఆ సిమ్ము వేస్తే చచ్చిన చేపలాగ పడివుంటుంది. నెలల తరబడి మాటలూ ఇంటర్నెట్టూ ఉచితమనేసరికి డెల్టా అంతా ఆ సిమ్ము కోసం క్యూ కట్టింది. మన కంపెనీల గిడ్డంగుల్లో వున్నవేమో 3జీ ఫోనులు. సందట్లో సడేమియా అన్నట్టు నవంబరు 8న పెద్దనోట్లు రద్దయ్యాయి. నగదు మీద నడిచే చిన్నదుకాణాలు చేతులు ముడుచుకుని కూర్చున్నాయి. ఆ రెండు దెబ్బలకూ తట్టుకోగలిగినవి, సొంతంగా నమూనాలు గీసుకుని, చేతిలో డబ్బు దండిగా వున్న చైనా కంపెనీలు.

షవోమీ అప్పటికి రెండేళ్ళనుంచి కాచుకుని వుంది. 2014 జూలైలో దుకాణం లేకుండా ఇంటర్నెట్టులో మాత్రమే అమ్మడం మొదలుపెట్టి, గంట కొట్టగానే ఫోనులన్నీ అయిపోయాయని చెప్పి, లేనిపోని ఆకలి పుట్టించింది. 2015 ఆగస్టులో, తడకు దగ్గర మన శ్రీసిటీలో, ఫాక్స్‌కాన్ కర్మాగారంలో తయారైన రెడ్మీ 2 ప్రైమ్ విడుదలైంది. పేరు చైనాది, బిగించినవి తెలుగు చేతులు. ఆ కర్మాగారంలో అధికభాగం ఆడపిల్లలే. 2017 చివరికి షవోమీ దేశంలో మొదటిస్థానంలో కూర్చుంది. 2018 మొదటి మూడునెలల్లో దేశంలో అమ్మిన పది స్మార్టుఫోనుల్లో సుమారు మూడు దానివే. 2022 చివర సామ్‌సంగు తిరిగి పైకి వచ్చింది. 2024లో, సుమారు 15 కోట్ల ఫోనులు దేశంలో దిగిన ఏడాదిలో, వీవో మొదటిదైంది. పట్టాభిషేకం జరిగిన ఏ రాజుకూ సింహాసనం శాశ్వతం కాలేదు. షవోమీ ఫోనులు ఇప్పుడే సొరుగులో పైవరసకు చేరుతున్నాయి.

వీవో, ఒప్పో, రియల్‌మీ, వన్‌ప్లస్ అని నాలుగు పేర్లు వింటాం. నాలుగింటి పుట్టినిల్లూ ఒక్కటే, చైనాలోని బీబీకే. బయట తోడికోడళ్ళలాగ పోట్లాడుకుంటూ వుంటే మనం నిజమనుకుని పక్షాలు వహిస్తాం.

ఈ పోట్లాట చూడాలంటే గుడివాడ వెళ్ళాలి. బందరునుంచి రైల్లో వెళ్ళి ఏలూరు రోడ్డులో నడిస్తే చాలు. ఒక దుకాణానికి నీలం బోర్డు, పక్కదానికి పచ్చబోర్డు. దుకాణం పేరు చిన్న అక్షరాల్లో, ఫోను పేరు బారెడు అక్షరాల్లో! షవోమీ ఇంటర్నెట్టును నమ్ముకుంటే, నీలం పచ్చ కంపెనీలు దుకాణదారుణ్ణి నమ్ముకున్నాయి. బోర్డు మేమే వేయిస్తామన్నాయి, ఫోనుకింత అని కమిషను ఇస్తామన్నాయి, తమ చొక్కా తొడిగిన కుర్రాణ్ణి జీతమిచ్చి దుకాణంలో నిలబెట్టాయి. 2016లో వీవో ఐపీఎల్ క్రికెట్టుకే తన పేరు తగిలించింది. మనం గడపలో అడుగుపెట్టి “పన్నెండువేలలో ఏదైనా మంచిది చూపించు నాయనా” అంటామా, అతడు చూపించేది మనకు మంచిదా అతనికి మంచిదా అన్నది ఆ వారం కమిషను మీద ఆధారపడుతుంది. అలాగని అందరూ అంతేనని నేను అనను. “మీకు దీనితో పనేమిటండీ, పాతదానికి బ్యాటరీ వేయించుకోండి” అని ఇంటికి పంపిన దుకాణదారుణ్ణి కూడా ఆ రోడ్డులోనే చూశాను.

మధ్యతరగతి ఇంటికి అసలు పరీక్ష 2020లో వచ్చింది. బడులు మూతపడి పాఠాలు ఫోనులోకి వచ్చాయి. ఇంట్లో ఇద్దరు పిల్లలు, వున్నది నాన్నగారి ఫోను ఒక్కటి. సరిగ్గా ఆ ఏప్రిల్ ఒకటినుంచే ఫోనుల మీద పన్ను 12 నుంచి 18 శాతానికి పెరిగింది. వాయిదాల మీద కొన్నవాళ్ళెందరో! ఆనాడు తొందరలో కొన్న చవక ఫోనులే ఇప్పుడు వరుసగా బల్లమీదికి వస్తున్నాయి. తెరో బ్యాటరీయో పోతే వేయించవచ్చు. ఫోను నిక్షేపంగా వుండి, లోపలి ఆండ్రాయిడు పాతబడితే? కంపెనీ కొత్తది పంపడం మానేస్తే ఒక్కొక్క యాపే తప్పుకుంటుంది. 2017లో వాట్సాప్ నోకియావారి పాత సింబియన్ ఫోనులను వదిలేసింది. 2025 జనవరిలో చాలా పాత ఆండ్రాయిడులను వదిలేసింది. 2024లో సామ్‌సంగువారు తమ ఖరీదైన రకాలకు ఏడేళ్ళపాటు ఆ సరఫరా చేస్తామని మాట ఇచ్చారు. చవక రకాలకు అంత భాగ్యం లేదు. కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్ళు అని అడిగేవాళ్ళే గాని, దీనికి ఎన్నేళ్ళు అప్‌డేట్లు వస్తాయి, దీని డిస్‌ప్లే మా వూళ్ళో దొరుకుతుందా అని అడిగేవాళ్ళు అరుదు.

ఆ రెండోప్రశ్న దివిసీమవాళ్ళకు బాగా తెలుసు. ఉప్పుగాలికి చార్జింగు పెట్టే రంధ్రంలో చిలుము పడుతుంది. రొయ్యల చెరువుల దగ్గర ఫోను ఒక్కసారైనా నీళ్ళలో పడి తీరుతుంది. అయినా అది లేకపోతే ఒక్కపూట గడవదు. ముప్ఫై కౌంటు ఎంత, వంద కౌంటు ఎంత అన్న ధర పొద్దున్నే వాట్సాప్‌లో వస్తుంది. తుఫాను కబురూ అందులోనే వస్తుంది. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచినప్పుడు పదివేలమందికి పైగా పోయారు. ఆనాడు అరచేతిలోకి కబురు వచ్చే సాధనం లేదు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను మచిలీపట్నానికీ కళింగపట్నానికీ మధ్య తీరం దాటేనాటికి కబురు ప్రతి జేబులోనూ వుంది. అందుకే నాగాయలంక వైపు చాలామంది టచ్ ఫోనుతోపాటు ఒక బటన్ ఫోను కూడా పెట్టుకుంటారు. కరెంటు లేని మూడోరోజున పలికేది అదే.

అటువైపునుంచే, నేను సొరుగు చూస్తూ కూర్చున్న రోజున, ఒకావిడ మనమరాలిని వెంటబెట్టుకుని వచ్చింది. అవనిగడ్డ బస్సు దిగి నేరుగా వచ్చారట. చీర చెంగులో చుట్టిన ఫోను బల్లమీద పెట్టింది. ఆ పాతకాలపు దేశీయ కంపెనీల్లో ఒకదానిది. ఆ రకం ఫోనులు ఇప్పుడు తయారు కావు.

“బాబూ, ఇది మా ఆయనది. పోయి నాలుగు నెలలైంది. తెర నల్లగా అయిపోయింది. ఇద్దరు బాగుచెయ్యలేమన్నారు.”

“కొత్తది తీసుకోరాదా పిన్నిగారూ?”

“కొత్తది వుంది నాయనా, మావాడు కొనిచ్చాడు. మాకు రొయ్యల చెరువుంది. మేత కొట్టుకు కట్టిన డబ్బు చీటీలన్నీ ఆయన దీంట్లో ఫోటో తీసి పెట్టేవారు. చీటీలు వానకు తడిసిపోతున్నాయని. ఇప్పుడు కొట్టువాళ్ళు చెప్పే బాకీకీ ఆయన నాతో చెప్పిన బాకీకీ పొంతన లేదు.”

అతను మరి మాట్లాడలేదు. సొరుగు లాగి, నడిమివరసలో కెలికి, అదేరకం ఫోను ఒకటి బయటికి తీశాడు. దాని ప్రాణం ఎప్పుడో పోయింది గాని తెర పగలలేదు. ముప్పావుగంట పట్టింది. ఆవిడ బల్ల అంచు పట్టుకుని నిలబడే వుంది. స్టూలు వేస్తే మనమరాలిని కూర్చోబెట్టింది. చివరికి తెర వెలిగింది. వెలిగి, తొమ్మిది చుక్కలు చూపించింది. తాళం!

ఆవిడ ముఖం వాడిపోయింది. “ఆ గీత నాకు తెలీదు బాబూ.”

“నాకు తెలుసు,” అంది పిల్ల. స్టూలు మీద నిలబడి, చుక్కల మీద వేలితో చకచకా గీత గీసింది. తాతగారు ఆటలాడుకోవడానికి ఇచ్చేవారట.

చీటీల ఫోటోలు నలభైమూడు దొరికాయి. కొన్నింటిమీద మేత కొట్టు ముద్ర వుంది, కొన్నింటిమీద తేదీ మాత్రమే వుంది, రెండింటిలో ఆయన బొటనవేలు అడ్డం వచ్చింది. అన్నీ ఆవిడ కొత్త ఫోనులోకి ఎక్కించి, మూడువందల యాభై తీసుకున్నాడు. ఆవిడ కొట్టు ముద్ర వున్నవాటిని ఒక్కొక్కటే పెద్దవి చేయించి, అంకెలు పైకి చదువుతూ వేళ్ళమీద లెక్కపెట్టుకుంటూంది. ఆఖరి బస్సుకు వేళవుతోందని నేను గుర్తుచేయవలసివచ్చింది.

పిల్ల మాత్రం పాత ఫోనే తనకు కావాలని పేచీ పెట్టింది. ఆట అందులోనే వుందట.